పాత దుంపల మీద కొత్త దుప్పటి

జూన్ 3

గరిటెధారిణి, క్యాంటీన్ ఏలిక అయిన మా పిన్నికి, చిన్నప్పుడు నీ వెనకే తిరిగి ఆ పేరు తెచ్చుకున్న తోక విన్నవించుకునేది ఏమనగా,

నేను క్షేమం. నా కడుపు మాత్రం హోటలు వాళ్ళ చేతిలో ఉంది కనుక దాని తరఫున హామీ ఇవ్వలేను. ఫోన్ చేద్దామంటే, ముప్పై ఏళ్ళు ఆసుపత్రి క్యాంటీన్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాను కింద నిలబడ్డ నీ చెవులకి నా గొంతు కూడా ఆ ఫ్యానులాగే వినిపిస్తోందని పోయినసారి అన్నావు. అందుకే ఈ కాగితం.

ముఖ్యవార్త. నాకు ఉద్యోగం వచ్చింది. నవ్వకు. ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు ఒకాయన దగ్గర. ఆఫీసు అంటే చెప్పుల కొట్టుకీ మందుల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఒక గది. రెండు బల్లలు, ఒక చిన్న ఓవెన్, గోడ నిండా మా బాసు ఫొటో. అప్పుడే ఎవరికో ఇల్లు దానం చేసి వచ్చినట్టు నవ్వుతుంటాడు అందులో. నా పని ఏమిటంటే, ఊళ్ళో ఇంటింటికీ పంచే నెలవారీ కరపత్రం రాయడం. ముందు పక్క ‘ఇళ్ళ మార్కెట్: రాబోయే కాలం ఎలా ఉండబోతోంది’. వెనక పక్క ‘పని నుంచి అలిసి వచ్చిన సాయంత్రాలకి సులువైన క్యాసరోల్’. ఇళ్ళ ధరలకీ వంటకీ ఏం సంబంధమని నేనూ అడిగాను. “ధరల కాగితం చెత్తబుట్టలోకి పోతుందోయ్. వంట కాగితం ఫ్రిజ్ మీదికి ఎక్కుతుంది. దాని వెనకే నేనూ ఎక్కుతాను” అన్నాడు. ఇలాంటి జ్ఞానం కాలేజీలో చెప్పరు పిన్నీ.

మార్కెట్ సంగతి నేను చూసుకుంటాను. వంటలో నా ప్రతిభ నీకు తెలిసిందే, నీళ్ళు కూడా అడుగంటిస్తాను. కాబట్టి అర్జెంటుగా నాకొక మంచి క్యాసరోల్ పంపు.

ఇట్లు,
భవిష్య విభాగం అధిపతి, గుమస్తా, ప్యూను,
తోక

జూన్ 9

ఒరేయ్ తోకా,

ఉత్తరం అందింది. ఉద్యోగం అన్నావు, సంతోషం. ఎవరి ఫొటో కింద కూర్చున్నావన్నది తర్వాత చూద్దాం.

నువ్వు అడిగినట్టే మంచి క్యాసరోల్ పార్సిల్ చేశాను. ఎర్రది. రెండు పొరలది. ఉదయం మూత పెడితే సాయంత్రం దాకా లోపల ఏది పెట్టినా పొగలు కక్కుతూనే ఉంటుంది. క్యాంటీన్‌లో అందరి డబ్బాలూ ఒకేలా ఉంటాయి కదా, అందుకని నాది గుర్తుపట్టడానికి అడుగున గోళ్ళ రంగుతో ఆకుపచ్చ చుక్క పెట్టుకున్నాను. చెరపకు. పెద్ద డాక్టరమ్మ అడిగినా ఇవ్వని డబ్బా అది. హోటలువాడి దగ్గర అన్నం అందులో పట్టించుకుని వెళ్ళు, కనీసం వేడిగా తింటావు.

ఆ కరపత్రం కూడా ఒకటి పంపు. ఆగస్టు ఆఖరుకి నా సర్వీసు అయిపోతుంది. ఆసుపత్రి క్వార్టరు ఖాళీ చేయమని కాగితం ఇచ్చారు. చేతికొచ్చేది అంతా కలిపి ఎక్కడో ఒక రెండు గదులు చూసుకోవాలి. ఇళ్ళ సంగతి తెలిసినవాడు ఇంట్లోనే ఉన్నాడంటే ధైర్యం. ఆ కాగితంలో రాసేది నిజంగా నువ్వేనా, లేక పేరుకేనా?

పిన్ని

జూన్ 15

డబ్బాదాత అయిన పిన్నికి,

పార్సిల్ విప్పి ఆఫీసులో నేలమీద కూర్చుని నవ్వాను. నేను అడిగింది డబ్బా కాదు తల్లీ, వంట. దుంపలో కూరలో పాలూ చీజూ కలిపి, లోతైన గిన్నెలో పోసి, ఓవెన్‌లో పెట్టి కాలుస్తారే, దాన్ని క్యాసరోల్ అంటారట. మనింట్లో క్యాసరోల్ అంటే వేడి డబ్బా అని మా బాసుకి చెబితే, ఆయన నవ్వలేదు. డబ్బాని తిప్పి చూశాడు, మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. “ఎంతసేపు వేడి నిలుస్తుంది?” అన్నాడు. సాయంత్రం దాకా అన్నాను. డబ్బా తన బల్ల కింద పెట్టుకున్నాడు. నా అన్నం మళ్ళీ చల్లబడింది.

కరపత్రం జత చేశాను. అనుమానం దేనికి? అందులో నా చేతి మీదుగా పోని అక్షరం ఒక్కటి లేదు. ‘ఇప్పుడు కొననివారు రేపు కొనలేరు. గాలి మారింది. తెలివైన కుటుంబాలు ఇప్పటికే కదిలాయి.’ చదివి చూడు, ఆ ‘గాలి మారింది’ దగ్గర నాకే ఒళ్ళు జలదరించింది.

ఇప్పుడైనా తినేది పంపు.

తోక

జూన్ 22

ఒరేయ్,

నా డబ్బా మీ బాసు బల్ల కింద ఎందుకుంది? వెనక్కి తీసుకో.

వంట రాస్తున్నాను. దీన్ని మేము క్యాంటీన్‌లో ‘దుప్పటి’ అంటాం. బంగాళాదుంపలు సగం ఉడికించి, చక్రాల్లా కొయ్యి. ఉల్లిపాయ వెన్నలో మెత్తబడనివ్వు, ఎర్రబడనివ్వకు. అందులో రెండు చెంచాల పిండి వేసి వేయించి, పాలు పోస్తూ కలుపుతూ ఉండు. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలవాలి. అప్పుడు ఉప్పు, మిరియాలు. గిన్నెలో ఒక వరస దుంపలు, ఒక వరస పాలగుజ్జు, అలా నింపి, పైన చీజూ రొట్టె పొడీ కప్పు. అదే దుప్పటి. అంచుల్లో బుడగలొచ్చి, పైన బంగారు రంగు తిరిగేదాకా ఓవెన్‌లో ఉంచు.

ఒకటే నియమం. ఒకసారి కాల్చింది ఇంకోసారి కాల్చకూడదు. ఇక్కడ కొత్త కాంట్రాక్టరు నిన్నటిదాని మీద ఇవాళ పొడి చల్లి మళ్ళీ లోపలికి తోస్తున్నాడు. రోగులకి. పాలు విరిగిన వాసన నాకు నాలుగు గదుల అవతలికి తెలుస్తుంది. గిన్నె తీసుకెళ్ళి వాడి ముందే చెత్తబుట్టలో బోర్లించాను. ‘పైకి బాగానే ఉంది కదమ్మా’ అని సైగ చేశాడు. పైకి ఏది బాగుండదురా?

నీ కాగితం చదివాను. మన పిల్లాడు రాసిన మాట కాబట్టి నమ్మాను. ఫ్రిజ్ మీద పెట్టాను, ముందు పక్క బయటికి కనపడేటట్టు. సెప్టెంబరుకల్లా నీ హోటలు తిండి మాన్పించే ఏర్పాటు ఒకటి చేస్తున్నాను. ఏమిటని అడక్కు.

పిన్ని

జూలై 6

పిన్నికి,

ముందుగా ఒక విన్నపం. హోటలు తిండి మాన్పించే ఏర్పాటంటే పెళ్ళి సంబంధమే అయితే దయచేసి ఆపెయ్యి. నన్ను చేసుకునే పిల్ల మీద నాకు జాలి ఉంది.

రెండోది, ఆఫీసు సంగతి. ఎవరికీ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను.

మా చేతిలో ఒక మూల ఇల్లు ఉంది. రెండు గదులు, వంటిల్లు, చూడటానికి ముచ్చటైనది. వంటింటి గోడ వెనక మురుగు గొట్టం పగిలి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు. గోడంతా చెమ్మ. దాని మీద బూజు, నల్లగా, పిల్లి వీపులాగా. మేము పది రోజులకోసారి వెళ్ళి గీకి, రంగు వేసి వస్తాం. రంగు ఆరేలోపే బూజు మళ్ళీ బయటికొచ్చి మమ్మల్ని పలకరిస్తుంది. ఆ వాసన ఎలాంటిదంటే, తడిసిన గోనెసంచిలో ఎలుక చచ్చి, దాని మీద ఎవరో గుడ్డు పగలగొట్టినట్టు.

అక్కడికి మా బాసు కనిపెట్టిన మందు, నీ డబ్బా. ఇల్లు చూడటానికి ఎవరైనా వస్తున్నారంటే ఆఫీసు ఓవెన్‌లో నీ ‘దుప్పటి’ కాల్చి, డబ్బాలో పెట్టి, నేను మోసుకెళతాను. వాళ్ళు గేటు తీసే చప్పుడు వినగానే మూత తీస్తాను. వెన్న, ఉల్లిపాయ, చీజు. చెమ్మకంపు కాసేపు నోరు మూసుకుంటుంది. వచ్చినవాళ్ళు కళ్ళు అరమూసి, “అబ్బ, ఇంట్లో అడుగుపెట్టగానే ఇంటికొచ్చినట్టుంది” అంటారు. ఒక్కొక్కరూ ఇదే మాట అంటారు పిన్నీ, ఎవరో నేర్పినట్టు.

నీ నియమం సంగతి రాయాలంటే చెయ్యి రావడం లేదు. ఇది తొమ్మిదోసారి. అవే దుంపలు. ప్రతిసారీ పైన కొత్తగా రొట్టె పొడి చల్లి మళ్ళీ కాలుస్తాం. కింద ఏముందో చూడటం మానేశాను. మొన్న వచ్చినావిడ కొంచెం రుచి చూడొచ్చా అంది. మా బాసు చేతులు అడ్డం పెట్టి, అలంకరణ కోసమండీ అన్నాడు. ఆ ఒక్క క్షణంలో ఆయన మొహంలో నిజం చూశాను.

కరపత్రం కూడా అంతే (వెనక పక్క నీ వంట అచ్చయిన జూలైది జత చేశాను). మూడేళ్ళ నాటి పేరా ఒకటి ఉంది, అది తీసి నెల పేరు మారుస్తాను, పైన రెండు కొత్త మాటలు చల్లుతాను. ‘గాలి మారింది’ నేను చల్లిన పొడి. కింద దుంపలు ఎప్పటివో నాకూ తెలియదు. గాలి మారలేదు. ఈ వీధిలో ఆరు ఇళ్ళు ఏడాదిగా అమ్ముడుపోక అలాగే పడి ఉన్నాయి.

నవ్వొచ్చే ముక్క ఆఖరికి దాచాను. మా ఆఫీసు భాషలో ‘మగ్గిన పండు’ అంటే, చెట్టు కదపకుండానే ఒళ్ళో పడే గిరాకీ. మూల ఇంటికి ఇప్పుడు ఒక పండు దొరికింది. ఎక్కడో దూరాన ఉండే పెద్దావిడ. చెవులు వినపడవట, బేరమంతా ఉత్తరాల మీదే. వాళ్ళింట్లో చదువుకున్న కుర్రాడొకడు ఆ కరపత్రంలో అక్షరం అక్షరం నిజమని ఆవిడకి మాటిచ్చాడట! మా బాసు ఆ ఉత్తరం ముద్దుపెట్టుకున్నాడు. ఎవడో ఆ గాడిద, వాడికి కమిషన్ ఇవ్వాలోయ్ అన్నాడు. నేనూ నవ్వాను.

డబ్బా మోసి మోసి భుజం నొప్పిగా ఉంది.

తోక

జూలై 12

తోకకి,

ఉత్తరం చదివాను. రెండుసార్లు చదివాను.

రెండే అడుగుతాను. ఆ పెద్దావిడకి ఆ ఇల్లు దేనికో మీరెవరైనా అడిగారా? ఆవిడ వచ్చిన రోజున డబ్బా మోసేది నువ్వేనా?

పిన్ని

జూలై 18

వంటశాస్త్ర న్యాయమూర్తి అయిన పిన్నికి,

కోపం వచ్చిందని అర్థమైంది. ‘ఒరేయ్’ లేదు, తిట్టు లేదు, మూడు వరసల ఉత్తరం. నీ వంటని తొమ్మిదిసార్లు కాల్చామన్న బాధ నాకు తెలుసు. దోషిని క్షమించు. పదోసారికి కొత్త దుంపలు వాడమని బాసుతో పోట్లాడతాను.

నీ ప్రశ్నలకి జవాబులు. ఆవిడకి ఇల్లు దేనికో అడగలేదు. గిరాకీని దేనికని అడిగితే పండు పచ్చిదైపోతుందట. రెండోదానికి, నేనే. నేను కాక ఇంకెవరు మోస్తారు? ఆదివారం వస్తానని రాసిందట. ఆ రోజే సంతకం పెట్టించాలని బాసు పట్టుదల. కాగితాలు సిద్ధం చెయ్యమని రేపు ఆవిడ ఫైలు నాకిస్తానన్నాడు

జూలై 19, అదే కాగితం మీద.

పై మాటలు చెరిపేద్దామనుకున్నాను. చెరపను, నేనెలాంటివాడినో నువ్వు చూడాలి.

ఫైలు తెరిచాను. క్యాంటీన్ ఆర్డరు కాగితం వెనక రాసిన ఉత్తరం. మూలన నూనె మరక. ‘ళ’ కింద ఆ పొడుగాటి తోక, నీకు తప్ప ఇంకెవరికీ రాదు. ‘మా అక్క కొడుకు ఆ ఊళ్ళోనే ఉంటాడు. వాడికి వేళకి తిండి పెట్టే దూరంలో ఉండాలని. వాడికి ఇప్పుడే తెలియనివ్వకండి’ అని రాశావు. ఇల్లు దేనికో అడగనక్కర్లేకుండా నువ్వే రాశావు. మా బాసు ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి, పక్కన ‘మగ్గింది’ అని రాసుకున్నాడు.

పండు నువ్వు. గాడిద నేను.

పిన్నీ, రావద్దు. వచ్చినా సంతకం పెట్టొద్దు. ఈ ఉత్తరం ఆదివారంలోపు నీకు చేరుతుందో లేదో తెలియదు. బాసుతో చెప్పబోయాను. ఆవిడ మా పిన్ని అన్న మాట బయటపెట్టకుండానే ఫైలు మూశాను. చెబితే ఆ నిమిషమే బయటికి గెంటుతాడు, ఆదివారం నీ ముందు మూత తీసేది ఇంకెవడో అవుతాడు. ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఒకటి మాత్రం తెలుసు, నువ్వు ముప్పై ఏళ్ళు నిలబడి సంపాదించింది ఆ గోడలో కలవకూడదు.

నీ తోక

జూలై 24

ఒరేయ్ తోకా,

నేను మీ ఊరినుంచి తిరిగొచ్చేసరికి నీ ఉత్తరం తలుపు కింద పడి ఉంది. చెప్పులు విడవకుండానే చదివాను. ఆలస్యంగా చేరింది. అదే మంచిదైంది. ముందే చేరి ఉంటే, నువ్వు రావద్దన్నావు కదా అని ఆగిపోయేదాన్నేమో.

పండు నేనేనని నీ జూలై ఆరో తారీఖు ఉత్తరంలోనే తెలిసింది. చెవులు వినపడని పెద్దావిడలు ఎంతమంది ఉంటారురా? ఆ రోజు క్యాంటీన్‌లో పాలు పొంగిపోయినా చూసుకోలేదు. ఇల్లు పోయిందని కాదు. నేను నమ్మినందుకు నువ్వు నవ్వావని. అలాంటప్పుడు ఆదివారం ఎందుకొచ్చానంటావా. ఇల్లు చూడటానికి రాలేదు. ఆ డబ్బా మూత కింద ఏముంటుందో చూడటానికి వచ్చాను.

మీ బాసు కరపత్రం మీది ఫొటోలో ఉన్నట్టు లేడు, ఇంకా చిన్నగా ఉన్నాడు. వినపడదు కనుక చీటీల మీద రాసి చూపించమన్నాను. గేటు దగ్గరే మొదటి చీటీ: ‘ఇంట్లో అడుగుపెట్టగానే ఇంటికొచ్చినట్టుంటుంది అమ్మగారూ!’ తలుపు తీశాడు.

కంపు, ఒరేయ్. ముప్పై ఏళ్ళలో డ్రైనేజీ పొంగిన రోజులు చూశాను, ఫ్రిజ్ చెడిపోయి మాంసం కుళ్ళిన వేసవి చూశాను, ఇలాంటిది చూడలేదు. కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. మీ బాసు మొహం నా మొహం కన్నా ముందు ముడుచుకుంది. నోటికి అడ్డం పెట్టిన చెయ్యి తీసి ఇంకో చీటీ రాశాడు. దాన్ని దీంతో పాటు పెడుతున్నాను, దాచుకో. ‘వాసనా? ఏమీ లేదే.’

నేను దాని వెనకే రాసి చూపించాను. ‘పోయింది చెవులు. ముక్కు ఉంది.’

వంటింట్లో గోడకి అరచెయ్యి ఆనించాను. రంగు అరచేతికి వచ్చేసింది, కింద జిగురు, ఆ కింద నలుపు. సబ్బుతో మూడుసార్లు కడిగినా ఆ ముట్టుకున్న చేత్తో రెండు రోజులు అన్నం తినలేకపోయాను. గట్టు మీద నా ఎర్ర డబ్బా ఉంది. మూత తీసి పక్కన బోర్లించి ఉంది. మీ బాసు అందులోకి తొంగిచూశాడు, చెయ్యి పెట్టి తడిమాడు కూడా, దుంపలు ఎక్కడో అడుగున దాక్కున్నట్టు. నేనూ చూశాను. ఖాళీ. ఖాళీయే కాదు, కడిగి ఉంది. లోపల నీటిచుక్కలు ఇంకా ఆరలేదు.

నిన్ను రెండేళ్ళప్పటి నుంచి ఎరుగుదును. పిండిడబ్బా మీద కూర్చుని తిన్నావు, కాలేజీ నుంచి పరిగెత్తుకొచ్చి తిన్నావు. ఒక్కనాడు, ఒక్క గిన్నె కడిగిన పాపాన పోలేదు. అది చూడగానే నేనడిగిన రెండో ప్రశ్నకి జవాబు దొరికింది.

మీ బాసు ఫోన్ తీసి ఎవరినో తిడుతున్నాడు. వినపడకపోతేనేం, ఫ్యాను కింద బతికినవాళ్ళకి పెదాలు చదవడం వచ్చేస్తుంది. ‘గాడిద’ అన్నాడు. ‘రేపటి నుంచి రాకు’ అన్నాడు. మళ్ళీ ‘గాడిద’ అన్నాడు. ఆయన ఫోన్ పెట్టేశాక చెప్పాను. చీటీ మీద కాదు, నోటితోనే.

“ఆ గాడిద మా అక్క కొడుకండీ.”

ఆయన మళ్ళీ చీటీ కోసం జేబు వెతుక్కుంటుంటే నేను మూత బిగించి డబ్బా చంకన పెట్టుకున్నాను. అది ఆఫీసుదని రాసి చూపించాడు. డబ్బా తిరగేసి ఆకుపచ్చ చుక్క చూపించాను.

నువ్వు ఎదురు వీధి మలుపులో మందుల కొట్టు బోర్డు వెనక నిలబడటం చూశాను. బోర్డు సన్నది, నువ్వు కాదు. సిగ్గుపడుతున్నావని నేనూ చూడనట్టే బస్సెక్కాను.

ఇక్కడే, బట్టలుతికే దుకాణం పైన రెండు గదులు అద్దెకి మాట్లాడాను. రోజంతా సబ్బు వాసన. గోడలు నాలుగూ తట్టి చూశాను, పొడిగా ఉన్నాయి. ఫ్రిజ్ మీది నీ కాగితం చించేశాను. జూలైదాని వెనక పక్క నా వంట మాత్రం కత్తిరించి ఉంచాను, అందులో నువ్వు మార్చిన మాట ఒక్కటీ లేదు. ఉద్యోగం ఎలాగూ లేదు కదా, ముందు వచ్చి ఒక పూట వేడిగా తిను. తర్వాత తిడతాను, చాలా ఉంది.

ఇంకొకటి. ఇంటికి తెచ్చాక డబ్బా మూత విప్పి చూశాను. లోపలంతా తళతళ. మూత అంచు సందులో మాత్రం పాలగుజ్జు అలాగే ఉంది, గట్టిపడి, పచ్చగా, వెంట్రుకలు మొలిచి. ఛీ. దాన్ని అలాగే సంచిలో కట్టి గుమ్మం బయట పెట్టాను. నేను ముట్టుకోను.

వచ్చి, నా కళ్ళముందు, మళ్ళీ కడుగు.

పిన్ని